పద్దు పదిమంది ముందు చదివితే

1994 డిసెంబరు 2న రాజస్థాన్‌లోని పాలీ జిల్లా కోట్‌కిరానా అనే ఊళ్లో ఒక సభ జరిగింది. నాయకుల ప్రసంగాల కోసం పెట్టిన సభ కాదు. పంచాయతీ పనుల మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు ముందు పెట్టుకుని పేరుపేరునా పైకి చదివారు. పనికి వెళ్లనివాళ్ల పేర్ల మీద కూలి డబ్బు తీసుకున్నారని అక్కడికక్కడే తేలింది. ఆ జనమంతా ఎన్నికల్లో ఓట్లు వేసేవాళ్లే. తమ పేరు మీద ఎవరు ఏం రాసుకుంటున్నారో మాత్రం అంతవరకూ వాళ్లకు తెలియదు.

ఓటుకు బలం లేదని కాదు. 1983లో ఎన్టీఆర్ ఎన్నికల్లో మాట ఇచ్చి గెలిచాకే కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఇళ్లకు చేరింది. ఏ పథకం రావాలో ఓటు తేల్చగలదు. వచ్చిన పథకం ఇంటి గడప దాకా చేరిందా, మధ్యలో ఎక్కడ ఆగిపోయింది అన్న లెక్క అడగాలంటే అయిదేళ్లకోసారి వేసే ఓటు చాలదు.

కోట్‌కిరానా సభ పెట్టింది మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్. ఐఏఎస్ వదిలి పల్లెకు వచ్చిన అరుణా రాయ్, మరికొందరు కలిసి దేవ్‌డుంగ్రీ అనే ఊళ్లో ఉంటూ 1990లో దాన్ని మొదలుపెట్టారు. లెక్కలు చూపించమంటే అవి సర్కారు రహస్యమన్న జవాబే ఎదురైంది. ఆ లెక్కలు చూసే హక్కు కోసమే 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టానికి ఈ పోరాటమే ముఖ్యమైన పునాది.

అదే ఏడాది ఉపాధి హామీ చట్టమూ వచ్చింది. దాని 17వ సెక్షన్ పనులన్నిటినీ గ్రామసభ తనిఖీ చేయాలని చెప్పింది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. చాలా రాష్ట్రాల్లో ఆ సెక్షన్ కాగితం మీదే ఉండిపోగా, ఆంధ్రప్రదేశ్ దాన్ని నిజంగా పట్టుకుంది. రాజస్థాన్ ఉద్యమంలో పనిచేసిన సౌమ్య కిడాంబి ఇక్కడికి వచ్చి, జనమే చేసే ఈ తనిఖీ, అంటే సామాజిక తనిఖీ కోసమే ప్రత్యేకంగా ఏర్పడిన సంస్థను నడిపించారు.

ఆ తనిఖీ జరిగే తీరు దగ్గర్నుంచి చూడదగ్గది. కూలి కుటుంబాల్లోంచి చదువుకున్న కుర్రవాళ్లను, ఆడపిల్లలను ఎంచుకుని మస్టరు చదవడం, పని కొలతలు సరిచూడడం నేర్పుతారు. మొహమాటం అడ్డు రాకుండా సొంత ఊరు కాక వేరే ఊరికి పంపుతారు. వాళ్లు మస్టరు పట్టుకుని ఇంటింటికీ వెళ్తారు. "చెరువు పూడిక పనికి ఆరు రోజులు పోయినట్టు రాసుంది, పోయింటివా అక్కా? డబ్బులు ఎంత అందినాయి?" ఇలా అడిగి, పాస్‌బుక్కులోని అంకెను మస్టరులోని అంకెతో పోల్చి చూస్తారు. కట్టను, గుంతను టేపు పెట్టి కొలుస్తారు. ఆఖరున మండల కేంద్రంలో ప్రజావేదిక. అక్కడ ఎంపీడీఓ, ఫీల్డ్ అసిస్టెంటు, కూలీలు అందరి ఎదుటా నివేదిక చదువుతారు. ఎన్నడూ ఆఫీసు గుమ్మం ఎక్కని మనిషి మైకు పట్టుకుని "నాకు అందలేదు" అంటుంది. అధికారి జవాబు చెప్పాలి. ప్రజాస్వామ్యం అనే పెద్ద మాట మామూలు కూలి మనిషి చేతికి ఇంత దగ్గరగా వచ్చిన సందర్భాలు మన దగ్గర తక్కువ.

అయితే ఇందులోనూ లోటు ఉంది, దాన్ని దాచకూడదు. ఆర్థికవేత్తలు ఫర్జానా అఫ్రీది, వేగార్డ్ ఇవెర్సన్ 2006–10 మధ్య ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలను పరిశీలించారు. మొత్తం మీద అక్రమాల సంఖ్య తగ్గలేదని తేలింది. తేలిగ్గా దొరికిపోయే అక్రమాలు తగ్గిన చోట సిమెంటు, కంకర లాంటి సామగ్రి ఖర్చుల్లో, కూలీల కంటికి అందని చోట, అవి పెరిగాయి. పట్టుబడ్డవాళ్లకు శిక్ష పడింది అరుదు. తప్పు బయటపెట్టే అధికారం జనానికి వచ్చింది కానీ, తిన్న సొమ్ము కక్కించే పని మళ్లీ అదే యంత్రాంగం చేతిలో ఉండిపోయింది. సరిచేయాల్సిన చోటు అదే. తనిఖీ చేసేవాళ్లు పథకం నడిపేవాళ్ల కింద ఉండకూడదని 2011లో కేంద్రం నిబంధనలు చేసింది. రికవరీకి కూడా అలాంటి స్వతంత్ర ఏర్పాటే కావాలి.

ఈ పద్ధతి ఉపాధి పనుల దగ్గరే ఆగనక్కర్లేదు. 2017లో మేఘాలయ ప్రభుత్వ సేవల సామాజిక తనిఖీకి ప్రత్యేక చట్టం చేసింది, దేశంలో అదే మొదటిది. రేషను షాపుల విషయంలో కొత్త చట్టం కోసం కూడా ఎదురుచూడక్కర్లేదు. 2013 ఆహార భద్రత చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం చౌక ధరల దుకాణాల మీద ఎప్పటికప్పుడు సామాజిక తనిఖీ జరపాల్సింది స్థానిక సంస్థలు, లేదా రాష్ట్ర ప్రభుత్వం అధికారమిచ్చిన ఇతర సంస్థలు. మా ఊరి షాపు తనిఖీ ఎప్పుడు జరిగింది, ఆ నివేదిక ఏదీ అని వచ్చే గ్రామసభలో ఏ కార్డుదారైనా లేచి అడగవచ్చు.