వీణ కింద పెట్టి లేచి నిలబడ్డ వైణికుడు

తొర్రూరులో పెళ్లి ఊరేగింపు మెయిన్ రోడ్డెక్కిందంటే బస్సులు, లారీలు ఆగాల్సిందే. ముందు బ్యాండు మేళం నడుస్తుంటుంది. పాట మారాల్సిన చోట బ్యాండు మాస్టరు ట్రంపెట్‌ను నోటి నుంచి తీయకుండానే ఒకసారి పైకెత్తి దించుతాడు. డ్రమ్ము కొట్టేవాడు అది కనిపెట్టి దరువు మారుస్తాడు. క్లారినెట్ కొత్త పల్లవి ఎత్తుకుంటుంది. ఎదురుగా కాగితం ఉండదు, చేతిలో బెత్తం ఉండదు, లెక్క మాత్రం తప్పదు.

వాయిస్తూనే నడిపించడం మన అలవాటు. వాయించకుండా ఎదురుగా నిలబడి నడిపించడాన్నీ కొలువు చేసుకున్న తెలుగువాళ్లెవరని వెతికితే ముందుగా తట్టే పేరు ఈమని శంకరశాస్త్రి. వైణికుడిగా ఆయన పేరు తెలియని సంగీతప్రియులు తక్కువ. ఢిల్లీ ఆకాశవాణిలో జాతీయ వాద్యవృందకు స్వరాలు కట్టి, ముందు నిలబడి నడిపించిన సంగతే ఎవరికీ పెద్దగా పట్టలేదు.

మన దగ్గర వాద్యాలకు ఏనాడూ కరువు లేదు. తొర్రూరుకు పక్కనే ఉన్న పాలకుర్తి సోమనాథుడి ఊరు. ఆయన పండితారాధ్య చరిత్రలో వీణల పేర్లే పెద్ద వరుస. ఓరుగల్లు గణపతిదేవుడి గజసేనాని జాయప 1254 ప్రాంతంలో నృత్తరత్నావళి రాశాడు. వాద్యాల మీద రాసిన గ్రంథం మాత్రం మనదాకా రాలేదు, అది మన దురదృష్టం. అదే శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో ఉత్తమ బృందానికి లెక్క కట్టాడు: ప్రధాన గాయకులు నలుగురు, వంత పాడేవాళ్లు ఎనిమిది మంది, గాయనులు పన్నెండు మంది, వేణువులు నాలుగు, మద్దెలలు నాలుగు. బృందాన్ని నడిపేది అందులో పాడేవాళ్లే. ఎదురుగా నిలబడి చేయి ఊపేవాడికి ఆ లెక్కలో చోటు లేదు.

ఇప్పటి కచేరీలోనూ అంతే. ఆదితాళం అంటే ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, ఆపైన రెండుసార్లు దెబ్బ, విసురు. ఎనిమిది అక్షరాలు. పాడే మనిషే తొడ మీద వేసుకుంటాడు. మొదటి వరుసలో కూర్చున్న పెద్దాయనా వేస్తుంటాడు. పల్లవి ఎన్నిసార్లు తిప్పాలన్నది గాయకుడి ఇష్టం, మృదంగం ఆ ఇష్టాన్ని వెన్నంటి పోతుంది. ఇంకొకడు వచ్చి ఇక్కడ ఆపండి, ఇక్కడ ఎత్తుకోండి అంటే మన విద్వాంసులు ఊరుకుంటారా?

ఈమని 1922 సెప్టెంబరు 23న ద్రాక్షారామంలో పుట్టారు. తండ్రి అచ్యుతరామశాస్త్రి పేరున్న వైణికుడు, తొలి పాఠాలు ఆయన దగ్గరే. తర్వాత మద్రాసు వెళ్లి జెమినీ స్టూడియోలో సాలూరి రాజేశ్వరరావు పక్కన పనిచేశారు. పెద్ద స్టూడియోలు వాద్యకారుల్ని నెలజీతం మీద పెట్టుకున్న రోజులవి. కచేరీలో గంటసేపు సాగే రాగానికి అక్కడ దొరికేది మూడు నిమిషాలు. వయొలిన్ల గుంపు ఎక్కడ ఎత్తుకోవాలి, ఫ్లూట్ బిట్ ఎన్ని ఆవర్తాలు, ఎవరు ఎప్పుడు ఊరుకోవాలి, అన్నీ ముందే రాసుకుని టేకుకు కూర్చోవాలి. సంప్రదాయవాదులు సినిమా పనిని చిన్నచూపు చూస్తారు గానీ, బృందాన్ని నడిపే విద్య ఒక తెలుగు వైణికుడికి దొరికే బడి ఆ రోజుల్లో అదొక్కటే అనుకుంటాను.

రేడియోలో వాద్యబృందాన్ని నడిపే ప్రయత్నానికి ఆయనకన్నా ముందే ఒక చరిత్ర ఉంది. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో వందలాది మందితో తన ప్రపంచ రిక్వియం వినిపించిన ఇంగ్లిషు స్వరకర్త జాన్ ఫౌల్డ్స్ 1935లో మన దేశం వచ్చాడు. ఢిల్లీ రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూస్తూ, మన వాద్యకారుల్ని కూడగట్టి, నొటేషన్ చూసి వాయించే బృందాన్ని తయారుచేశాడు. 1939లో కలకత్తాలో కలరా ఆయన్ని తీసుకుపోయింది. హార్మోనియం మన రాగాలకు పనికిరాదని ఆయన గట్టిగా వాదించేవాడు. 1940లో రేడియో ఆ పెట్టెను గడప దాటనివ్వలేదు, నిషేధం సడలడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో జాతీయ వాద్యవృంద ఏర్పడింది. ఉత్తరాది పద్ధతికి రవిశంకర్, దక్షిణాది పద్ధతికి టి.కె. జయరామయ్యర్ నిర్వాహకులు. అదే ఏడాది సమాచార మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే గిట్టదు. ఆ పాటల్ని రేడియో నుంచి తరిమితే జనం సిలోను స్టేషన్ పెట్టుకున్నారు. శాస్త్రీయ వాద్యబృందం ఆ ఖాళీని నింపుతుందని ఆయన ఆశ. అది నెరవేరలేదు. కానీ ఆ పట్టుదల వల్లే వాద్యకారులకు సర్కారు జీతాలు దొరికాయి. 1956లో వేణువు విద్వాంసుడు పన్నాలాల్ ఘోష్ ఢిల్లీ చేరి వాద్యవృంద నిర్వహణ అందుకున్నారు. 1959 ప్రాంతంలో మద్రాసు ఆకాశవాణిలో చేరిన ఈమని ఆపైన ఢిల్లీకి వెళ్లారు.

అక్కడి పని ఎలాంటిదో తెలియాలంటే ఒక గమకాన్ని దగ్గర నుంచి చూడాలి. కల్యాణిలో గాంధారం పలికించాలంటే వైణికుడు ఒక మెట్టు మీద తీగను పక్కకు లాగుతాడు. సితారు కూడా లాగుతుంది, కానీ దాని లాగుడు నిదానం. సరోద్‌కు మెట్లే లేవు, వేలు జారుతుంది. జలతరంగం కప్పు మీద పుల్ల పడ్డాక ఆ స్వరాన్ని వంచడం అంత తేలిక కాదు. పది వయొలిన్లు పది రకాల ఊపులు ఊపితే వినేవాడికి చేపల సంతలా ఉంటుంది. కాబట్టి నిర్వాహకుడు రాసేటప్పుడే తేల్చుకోవాలి: ఈ వరుస అందరికీ, అందుకని గమకం తగ్గించాలి, ఈ రెండు ఆవర్తాలు వీణ ఒక్కదానికే, అక్కడ మిగతావాళ్లు ఆధార స్వరం మీద నిలబడాలి. వీణ గొంతు చిన్నది. షెహనాయి ఎత్తుకున్న క్షణంలో అది మునిగిపోతుంది, మైకు దగ్గర ఎవర్ని కూర్చోబెట్టాలన్నదీ ఆయన తలనొప్పే. పైగా రాగాల పేర్ల తిరకాసు. దక్షిణాదివాడు తోడి అంటే ఉత్తరాదివాడికి మన శుభపంతువరాళికి దగ్గరిది మెదులుతుంది, మన తోడి స్వరాలు వాళ్ల భైరవిలో ఉంటాయి. నొటేషన్ కాగితమే ఇద్దరికీ మధ్యవర్తి.

ఇక్కడే ఈ వృత్తిలోని అసలు బాధ. సొంత మనోధర్మంతో రాగాన్ని గంటసేపు విప్పగల మనిషి తన గమకాలన్నీ దాచుకుని, ముప్పై మందికి సరిపడే కొలతకు స్వరాన్ని కత్తిరించాలి. వీణ మీద తన వేళ్లకు వచ్చిందంతా ఎదుటివాళ్ల చేత చెప్పించాలి. ఎవరెస్టు అధిరోహణను స్వరాల్లో కట్టిన ‘ఆదర్శ శిఖరారోహణం’ ఆయన రచనల్లో అందరూ తలచుకునేది. కొండ ఎక్కే కథను సాహిత్యం లేకుండా చెప్పాలనుకున్నవాడు, కచేరీ కట్టుబాట్లు దాటి ఆలోచించినవాడు. అయినా 1973లో సంగీత నాటక అకాడెమీ పురస్కారం వచ్చింది వీణకే. శిష్యుడు చిట్టిబాబు ద్వారా నిలిచిందీ వీణే. 1987 డిసెంబరులో ఆయన కన్నుమూశారు. ఆయన వెనక వీణ వాయించేవాళ్లు వరసగా వచ్చారు గానీ, బృందం ముందు నిలబడటానికి తెలుగునాట అలాంటి వరస ఏర్పడలేదు.

ప్రతిభ లేక కాదు. ఈ విద్య ఇంట్లో ఒంటరిగా సాధన చేస్తే వచ్చేది కాదు. రోజూ ఒకే గదిలో కూర్చునే ముప్పై మంది కావాలి, వాళ్లకు నెల తిరిగేసరికి జీతం అందాలి. ఆ ఖర్చు జెమినీ కొన్నాళ్లు భరించింది, రేడియో ఇంకొన్నాళ్లు. కంబాలపల్లిలో పుట్టిన చక్రి హైదరాబాదు చేరి 2000లో సినిమాకు సంగీతం కట్టేనాటికి కీబోర్డు ఒక్కటే సగం ఆర్కెస్ట్రా పని చేస్తోంది. మన సంగీత కళాశాలల్లో గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం దేనికదే నేర్పుతారు. అందర్నీ కలిపి కూర్చోబెట్టేది వార్షికోత్సవం ముందే.

బొంబాయిలో పుట్టిన ఆర్కెస్ట్రా నిర్వాహకుడు జూబిన్ మెహతా సంగతి చూడండి. తండ్రి మెహ్లీ ఆ ఊళ్లో సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టిన మనిషి. అయినా కొడుకు ఈ విద్య కోసం 1954లో, పద్దెనిమిదేళ్లకే వియన్నా వెళ్లాల్సి వచ్చింది. 1962లో లాస్ ఏంజెలెస్, 1978లో న్యూయార్క్ బృందాల సారథ్యం, ఆపైన ఇజ్రాయెల్ బృందానికి జీవితకాల పదవి. ముంబైలో జీతాలిచ్చి నడిపే సింఫనీ ఆర్కెస్ట్రా 2006లో గానీ మొదలుకాలేదు. 2013 సెప్టెంబరులో శ్రీనగర్ షాలిమార్ తోటలో కచేరీ చేయడానికి మెహతా వచ్చినప్పుడు, వాయించేవాళ్లను మ్యూనిక్ నుంచి వెంటబెట్టుకుని వచ్చాడు.