మట్టికట్ట

నీరు ప్రాణాధారం. ఆ నీరే హద్దు మీరితే ఊళ్లనూ పైరులనూ తుడిచిపెడుతుంది. ఈ రెండు స్వభావాలనూ ఎరిగిన పూర్వులు వాగులకు అడ్డంగా మట్టికట్టలు వేసి, వరదను నిలిపి, ఆ నీటినే సేద్యానికి మళ్లించారు. చెరువు పంటకు ఆధారమన్న సంగతి అందరూ ఎరిగినదే. దిగువ గ్రామాలకు అది రక్షణ కూడా అన్న విషయం మాత్రం తరచుగా మరుగున పడుతుంది.

కొండలలో కుంభవృష్టి కురిసినప్పుడు వాగు ఒక్కసారిగా పొంగివస్తుంది. చెరువు ఆ ఉద్ధృతిని తనలో ఇముడ్చుకుంటుంది. పంటకు కావలసిన నీరు తూముగుండా కాలువలకు చేరుతుంది. చెరువు నిండిన పిమ్మట మిగులునీరు అలుగు మీదుగా దిగువకు సాగుతుంది. ఈ అలుగునే తెలంగాణలో మత్తడి అంటారు. ఒక చెరువు అలుగునీరు మరొక చెరువులోకి చేరేటట్లు నిర్మించినవి గొలుసుకట్టు చెరువులు. కాకతీయుల కాలంలో ఈ పద్ధతి విశేషంగా వర్ధిల్లింది.

చెరువు నిర్మాణం ఆనాడు శాస్త్రంగా పరిణతి చెందిందనడానికి కడప సీమలోని పోరుమామిళ్ల శాసనం నిదర్శనం. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ కొండల నడుమ కట్టలు వేయించి చెరువును నిర్మించాడు. 1369 నాటి ఆ సంస్కృత శాసనం ప్రకారం నిత్యం వెయ్యిమంది కూలీలు, రాళ్లు చేరవేయడానికి నూరు బండ్లు పనిచేయగా రెండేళ్లకు నిర్మాణం పూర్తయింది. మంచి చెరువుకు పన్నెండు అంగాలనూ, ఆరు దోషాలనూ ఆ శాసనం పేర్కొన్నది. జలశాస్త్రం తెలిసిన నిపుణుడు, గట్టినేల, నేర్పరులైన పనివారు అంగాలలో చేరినవి. కట్టనుండి నీరు కారడం దోషాలలో ఒకటి.

మట్టికట్టకు శత్రువులు రెండు. మొదటిది ఊట. కట్ట అడుగున తేటనీరు కొద్దిగా ఊరినంత మాత్రాన భయం లేదు. బురదనీరు వస్తున్నదంటే లోపలి మట్టి కరిగిపోతున్నదని అర్థం. రెండవది పొర్లు. నీరు కట్ట మీదుగా పొర్లితే మట్టి కోసుకుపోయి గండి పడుతుంది. అందుకే అలుగును కట్ట శిఖరంకంటె తక్కువ ఎత్తులో, రాతితో నిర్మిస్తారు.

అలుగుకు మించిన వరద ఎంతటి అనర్థానికి దారితీస్తుందో అదే సీమ ఇటీవల చవిచూచింది. 2021 నవంబరు 19న చెయ్యేరుకు భారీ వరద వచ్చింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీరంతా రాజంపేట సమీపంలోని అన్నమయ్య ప్రాజెక్టును ముంచెత్తింది. గేట్లగుండా వెలుపలికి పోగల నీటికంటె వచ్చిన నీరు అధికం కావడంతో మట్టికట్ట కొట్టుకుపోయింది. దిగువనున్న పులపుత్తూరు, మందపల్లి వంటి గ్రామాలు జలమయమైనాయి. అనేకులు ప్రాణాలు కోల్పోయారు. ఎగువ కట్ట తెగితే దిగువ కట్టకూ ముప్పు తప్పదన్న సత్యం ఆనాడు కన్నీటితో రుజువైంది.

కట్టను నిర్మించడంతో కర్తవ్యం తీరదు. పూర్వం చెరువు తవ్వించినవారికీ, దానిని బాగుచేయించేవారికీ దశబంధ మాన్యాలిచ్చి పాలకులు సంరక్షణకు ఏర్పాటు చేశారు. కట్టమీది ముళ్లచెట్లను తొలగించడం, ఎలుక బొరియలను పూడ్చడం, పూడిక తీయడం చిన్న పనులుగా కనిపించవచ్చు. ఊరి క్షేమం వాటిపైననే ఆధారపడి ఉంటుంది. అలుగు దారిని ఆక్రమించి ఇళ్లు కట్టడం వరదను ఇంటికి ఆహ్వానించడమే. మట్టికట్ట బలం దాని ఎత్తులో మాత్రమే లేదు; నీటికి విడిచిన దారిలోనూ, దానిని కనిపెట్టి ఉండే ఊరి జాగరూకతలోనూ ఉన్నది.