వరి మడిలో శక్తి ప్రవాహం: సాలీడుకు దక్కే వాటా

వరి పైరు తనపై పడే సూర్యశక్తిలో సుమారు 1 శాతాన్ని మాత్రమే ఆహారంగా నిల్వ చేసుకోగలదు. పైరు రసాన్ని సుడిదోమ పీల్చగా, దోమను సాలీడు, సాలీడును కప్ప తింటాయి. ప్రతి మెట్టులోనూ శక్తిలో అధిక భాగం శ్వాసక్రియలో వేడిగా వ్యయమవుతుంది. 1942లో లిండెమన్ ఈ అధ్యయనానికి పునాది వేశారు. పై మెట్టుకు చేరేది పదో వంతన్నది స్థూలమైన లెక్క మాత్రమే; కీటకాలలో హెచ్చుతగ్గులు చాలా ఉంటాయి.

ఏమైనా, సాలీళ్ళకు దక్కే శక్తి స్వల్పం. అందువలన వాటి సంఖ్య పరిమితం, పునరుత్పత్తి దోమ కంటే మందం. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు చల్లిన మడిలో సాలీళ్ళు, దోమ గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు నశిస్తాయి. ఆకుతొడిమెల కణజాలంలో దాగిన దోమ గుడ్లు మాత్రం మిగులుతాయి. అవి పిల్లలయ్యేసరికి మడిలోని శక్తి అంతా వాటిదే. పంచుకునే శత్రువు లేదు. మందు చల్లిన తరువాతే దోమ ఉద్ధృతమై, పైరు సుడులు సుడులుగా ఎండిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పిలక దశలో దుబ్బుకు 10–15 దోమలు కనిపించేవరకు మందు అవసరం లేదు. దుబ్బుల మొదళ్ళలో దోమలను లెక్కించే రైతు అక్కడి సాలీళ్ళను, మిరిడ్ నల్లులను కూడా లెక్కించిన పిమ్మటే పిచికారీపై నిర్ణయం తీసుకోవాలి.