ఒక్క కార్డు కోసం ఎన్ని ప్యాకెట్లు కొంటారు? టీమ్ సెట్ నింపే అసలు లెక్క ఇదే!

క్రికెట్ కార్డుల టీమ్ సెట్‌లో మొత్తం 20 కార్డులు. మీ పిల్లాడి చేతిలో 19 ఉన్నాయి. ఇంకొక్కటే కదా అని షాపుకెళ్లి ప్యాకెట్ కొన్నాడు. విప్పి చూస్తే ఉన్నదే మళ్లీ వచ్చింది. ఇంకోటి కొన్నాడు. అదీ అంతే. వారం తిరిగేసరికి పాకెట్ మనీ ఖాళీ, డబుల్స్ మాత్రం గుట్ట!

ఇది దురదృష్టం అనుకుంటారు చాలామంది. కాదు, పక్కా లెక్క. సెట్‌లో సగం వరకు షాపు నింపుతుంది. మిగతా సగం నింపాల్సింది దోస్తులే. ఎందుకో చూద్దాం.

అసలు టీమ్ సెట్ అంటే ఏంటి?

ఒక ఏడాది విడుదలైన కార్డుల్లో ఒక జట్టుకు చెందినవన్నీ కలిపితే టీమ్ సెట్. అమెరికాలో బేస్‌బాల్ కార్డులు సేకరించేవాళ్లకు ఇది ఎప్పటినుంచో ఉన్న అలవాటు. మన దగ్గర బేస్‌బాల్ లేదు కానీ క్రికెట్ ఉంది. బబుల్‌గమ్‌తో పాటు వచ్చిన క్రికెటర్ల బొమ్మలు దాచుకున్న తరం ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. వాళ్ల పిల్లలు ఐపీఎల్ కార్డులు వెతుకుతున్నారు.

ఇక్కడ ఏడాది చాలా ముఖ్యం. మన హైదరాబాద్ కుర్రాడు మహ్మద్ సిరాజ్‌నే తీసుకోండి. 2017లో సన్‌రైజర్స్, 2018 నుంచి 2024 వరకు బెంగళూరు, 2025లో గుజరాత్. ఆటగాడు ఒక్కడే, జట్లు మూడు. అందుకే కార్డు మార్చుకునే ముందు ఫొటో ఒక్కటే చూస్తే సరిపోదు, జట్టు పేరు, ఏడాది కూడా చూసుకోవాలి.

చివరి కార్డు ఎందుకంత ఏడిపిస్తుంది?

20 కార్డులూ సమానంగా ప్రింట్ అయ్యాయని, ఒక్కో కార్డు రూ.10 పడుతుందని అనుకుందాం. మొదటి కార్డు ఎలాగూ కొత్తదే. పది కార్డులు చేతికొచ్చాక కొత్తది వచ్చే అవకాశం సగానికి పడిపోతుంది. 19 ఉన్నప్పుడు? 20లో ఒక్క వంతే!

సగటున చూస్తే లెక్క ఇలా ఉంటుంది.

- మొదటి 10 రకాలు రావడానికి కొనాల్సింది 13 లేదా 14 కార్డులు
- మిగతా 10 రకాలకు మరో 58 లేదా 59 కార్డులు
- ఇందులో చిట్టచివరి కార్డు ఒక్కదానికే 20 కార్డులు

మొత్తం 72 కార్డులు, అంటే రూ.720. ఇందులో 52 డబుల్సే. ఇది సగటు మాత్రమే. అదృష్టం ఉంటే తక్కువలో అవ్వొచ్చు, లేకపోతే వంద దాటొచ్చు.

సెట్ పెద్దదైతే సంగతి ఇంకా ఘోరం. 2018 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు పానిని కంపెనీ తెచ్చిన ఆల్బమ్‌లో 682 స్టిక్కర్లు, ప్యాకెట్‌కు ఐదు. ఎవరితోనూ మార్చుకోకుండా ఆల్బమ్ నింపాలంటే సగటున 967 ప్యాకెట్లు కొనాలని బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీ గణిత ప్రొఫెసర్ పాల్ హార్పర్ లెక్క తేల్చారు.

మార్చుకుంటే ఎంత మిగులుతుంది?

ఇప్పుడు అసలు కిటుకు. చేవెళ్లలో ఇద్దరు పిల్లలు ఒకే సెట్ నింపుతున్నారనుకోండి. ఎవరికి వాళ్లే కొంటే తలా 72 కార్డులు. డబుల్స్ ఒకరికొకరు ఇచ్చుకుంటూ పోతే తలా 54 చాలు. వీళ్లకు మొయినాబాద్ నుంచి మరో ముగ్గురు తోడయ్యారనుకోండి. ఐదుగురూ డబుల్స్ అన్నీ కలిపి పంచుకుంటే తలా 40 కార్డులకే ఐదు సెట్లూ పూర్తవుతాయి. రూ.720 ఖర్చు రూ.400కి దిగొచ్చిందన్నమాట!

కారణం సింపుల్. డబుల్ కార్డు మీ సెట్‌కి పనికిరాదు. అదే కార్డు లేనివాడికి బంగారం. మార్చుకున్నప్పుడు ఇద్దరి సెట్లూ ముందుకెళ్తాయి, ఎవరి జేబులోంచీ రూపాయి కదలదు.

చిన్న ఊళ్లలో ఇంకో చిక్కుంది. సేకరించేవాళ్లు ఇద్దరు ముగ్గురే ఉంటే కొన్నాళ్లకు అందరి దగ్గరా అవే డబుల్స్, అందరికీ అవే ఖాళీలు. అప్పుడు ఊరు దాటాల్సిందే. చేవెళ్ల, మొయినాబాద్ రెండూ బీజాపూర్ హైవే మీదే ఉన్నాయి. అమ్మానాన్నలు ఎలాగూ సిటీకో, చిలుకూరు బాలాజీ గుడికో వెళ్తుంటారు. అప్పుడే పిల్లల్నీ కలిపితే సరి. కార్డుల కోసం ప్రత్యేకంగా బస్సెక్కితే మిగిలింది కాస్తా చార్జీలకే పోతుంది.

ఒకటికి ఒకటేనా? రెండు ఇవ్వాలా?

మామూలుగా ఒకటికి ఒకటి ధర్మం. కానీ మీకు చివరి కార్డు ఒక్కటే మిగిలినప్పుడు దానికి బదులు మూడు డబుల్స్ ఇచ్చినా నష్టం లేదు. షాపులో దానికోసం సగటున రూ.200 పెట్టాల్సి వస్తుంది కదా! ఆ డబుల్స్ ఎలాగూ డబ్బాలో పడి ఉండేవే.

మెరిసే స్పెషల్ కార్డుల సంగతి వేరు. అలాంటివి తక్కువగా ప్రింట్ చేస్తే పై లెక్క వాటికి వర్తించదు. వాటికి ఎక్కువ అడగడం సహజం.

అయితే ఒక్క మాట. పదో తరగతి పిల్లాడు మూడో తరగతి పిల్లాడికి పది మామూలు కార్డులిచ్చి అరుదైనది పట్టుకుపోతే అది మార్పిడి కాదు, మోసం. చిన్నోడికి అప్పుడు తెలియదు. తెలిసిన రోజు కార్డులూ వదిలేస్తాడు, ఆ దోస్తీ కూడా వదిలేస్తాడు. రేపటి మార్పిడికి మనిషే ఉండడు. అందుకే చిన్నపిల్లల బేరం పెద్దల ముందు జరగాలి. ఒక్కరోజు ఆలోచించుకునే టైమ్ ఇవ్వాలి.

పాత కార్డుకు కోట్లు వస్తాయా?

1952లో అమెరికా కంపెనీ టాప్స్ 407 బేస్‌బాల్ కార్డుల సెట్ తెచ్చింది. సీజన్ చివర్లో వచ్చిన పెద్ద నంబర్ల కార్డులు సరిగా అమ్ముడుపోలేదు. మిగిలిన సరుకును 1960లో సముద్రంలో పారబోయించానని ఆ కంపెనీలో పనిచేసిన సై బెర్గర్ తర్వాత చెప్పారు. ఆ నంబర్లలోనిదే మికీ మ్యాంటిల్ కార్డు. కొత్తదానిలా మిగిలిన అలాంటి కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడైంది.

ఇది విని ఇంట్లో కార్డులన్నీ లాకర్‌లో పెట్టకండి. ఎవరూ దాచుకోని రోజుల్లో దాచినవాటికే అంత ధర. ఇప్పుడు అందరూ దాస్తున్నారు. డబ్బు కోసమైతే ఈ సరదా వద్దు.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

- ఉన్నవి, లేనివి, డబుల్స్ అని మూడు లిస్టులు రాసుకోండి. నంబర్లు రాస్తే చాలు.
- 10, 12 రకాలు రాగానే కొనడం ఆపి మార్చుకోవడం మొదలుపెట్టండి.
- కార్డులకు రబ్బరు బ్యాండ్ వేయకండి, అంచులు నలుగుతాయి. మడత పడిన కార్డు ఇస్తుంటే ముందే చెప్పండి.
- ముఖం తెలియనివాళ్లు ‘ముందు యూపీఐ కొట్టు, తర్వాత కార్డు పంపుతా’ అంటే వద్దనండి. పిల్లల చేతికి పిన్ ఇవ్వకండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.
- సెట్ నిండాక మిగిలిన డబుల్స్ కొత్తగా మొదలుపెట్టిన పిల్లలకు ఇచ్చేయండి. వచ్చే ఏడాది మీకు కావాల్సిన ఇరవయ్యో కార్డు వాళ్ల దగ్గరే ఉండొచ్చు!