నీళ్లు పోతేనే పచ్చిక

ఎండాకాలమంతా ట్యాంకర్ నీళ్లు పోసి బతికించుకున్న లాన్ జులై ముసురుకు కుళ్లిపోతుంది. హైదరాబాద్ దగ్గరి కంది, పటాన్‌చెరు చుట్టుపక్కల ఏటా చూస్తున్నదే. అందరూ గడ్డినే తిడతారు. చూడాల్సింది మాత్రం దాని కింది నేలను.

నాలుగు రోజులు ముసురు పట్టాక కంది దగ్గరి ఏ కొత్త వెంచర్‌కైనా వెళ్లి లాన్ మీద కాలు పెట్టండి. చెప్పు చుట్టూ నీరు ఊరుతుంది. ఒక మూల పట్టుకుని లాగితే గడ్డి చాప చుట్టినట్టు లేచి వస్తుంది. వేర్లు అంగుళమైనా దిగి ఉండవు. గోధుమరంగుకు తిరిగి మురుగు వాసన కొడుతుంటాయి. పైన ఆకు పసుపు పచ్చగా మారేసరికి ‘బలం చాల్లేదు’ అని యూరియా చల్లిస్తారు. గాలి ఆడని వేరు ఆ బలాన్ని తీసుకోలేదు. నిలిచిన నీటిలో నత్రజని కొంత వాయువుగా మారి ఎగిరిపోతుంది, కొంత కొట్టుకుపోతుంది. మిగిలినదానితో ఆకు లేతబడి బూజు తెగులుకు దారిస్తుంది.

నల్లరేగడి లెక్క

2015లో ఐఐటీ హైదరాబాద్ కందిలోని సొంత ప్రాంగణానికి వచ్చాక ఈ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు, విల్లాలు పెరిగాయి. వాటితోపాటే లాన్లూ వచ్చాయి. ఇక్కడ చెల్క నేలలూ ఉన్నాయి, నల్లరేగడీ ఉంది. చిక్కంతా నల్లరేగడితోనే.

1972లో పటాన్‌చెరులో ఏర్పడిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తన పొలాల్లోని నల్లరేగడి నీటిని ఎలా తాగుతుందో కొలిచింది. ఎండి నెర్రెలు విచ్చినప్పుడు మొదటి అరగంటలో గంటకు 76 మిల్లీమీటర్ల వేగంతో గుటగుటా మింగేస్తుంది. తడిసేకొద్దీ బంకమన్ను ఉబ్బి నెర్రెలు పూడుకుపోతాయి. నిండా నానాక ఆ వేగం గంటకు 0.21 మిల్లీమీటరుకు పడిపోతుంది. అప్పుడు 50 మిల్లీమీటర్ల వాన పడితే అది కిందికి దిగడానికి దాదాపు పది రోజులు కావాలి. శ్రావణంలో పది రోజులు వాన ఆగేదెక్కడ?

పటాన్‌చెరులో ఏడాది సగటు వర్షపాతం 900 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. విశాఖలో ఇంతకంటే కొంత ఎక్కువే. అయినా సముద్రం ఒడ్డున ఇసుక నేలలో వేసిన లాన్‌కు ఈ కష్టం లేదు. పడ్డ నీరు పడ్డట్టే దిగిపోతుంది. పచ్చిక బతుకును తేల్చేది ఎంత వాన పడిందన్నది కాదు, ఎంతసేపు నిలిచిందన్నది.

బోదెల ఉపాయం

మన రైతుకు ఇది తెలియని సంగతి కాదు. అందుకే నల్లరేగడిని వానకాలం బీడుగా వదిలేసి, మిగిలిన పదునుతో యాసంగిలో జొన్న, శనగ వేసేవాడు. ఆ బీడు కాలంలోనూ పంట తీయడానికి ఇక్రిశాట్ వెడల్పు బోదెల పద్ధతి తెచ్చింది. మీటరు వెడల్పున బోదె, పక్కన అర మీటరు కాలువ. వంద మీటర్లకు 40 నుంచి 80 సెంటీమీటర్ల వాలు. బోదె మీద వేరుకు గాలి ఆడుతుంది, అదనపు నీరు మట్టిని కోయకుండా నెమ్మదిగా బయటికి నడుస్తుంది. 1976 నుంచి సాగిన దీర్ఘకాల ప్రయోగంలో మేలురకం విత్తనం, ఎరువు, అంతరపంటలతో కలిపి ఈ పద్ధతి హెక్టారుకు సగటున 5.1 టన్నుల గింజనిచ్చింది. పాత పద్ధతిలో వచ్చింది 1.1 టన్నులే.

లాన్‌లో బోదెలు తోలలేం. వాలు మాత్రం ఇవ్వగలం.

కింద వాలు, పైన చెల్క

ముందుగా అడుగు లోతు గుంత తవ్వి నీళ్లతో నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీరు తెల్లారినా అలాగే ఉంటే ఆ నేల మీద నేరుగా లాన్ పరచకూడదు.

చాలాచోట్ల జరిగేది అదే. కట్టడం మిగిల్చిన సిమెంటు పెళ్లలు ఏరేసి, నేల చదును చేసి, పైన ఎర్రమట్టి పోసి గడ్డి పరుస్తారు. ఎర్రమట్టిలోంచి దిగిన నీరు కింది నల్లమట్టి మీద ఆగిపోతుంది. కాబట్టి వాలు ముందు నల్లమట్టికే ఇవ్వాలి. నూరడుగులకు అడుగు నుంచి రెండడుగులు, ఇంటి గోడకు దూరంగా వంపు, చివర కాలువ. ఆపైన ఆరంగుళాల మేర చెల్కమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు. నల్లమట్టిలోనే నాలుగు తట్టల ఇసుక కలిపితే పనికాదు, ఎండలకు అది ఇంకా గట్టిపడుతుంది.

ఏ గడ్డి, ఏ పని

రోజంతా ఎండ తగిలే చోటికి గరిక జాతులకు సాటి లేదు. వినాయక చవితికి కోసుకొచ్చే గరికే. ఎండకు, తొక్కుడుకు తట్టుకుంటుంది. నీడపట్టున బఫెలో గడ్డి నయం. కొరియన్ కార్పెట్ చూడముచ్చటగా ఉంటుంది కానీ, గుబురుగా అల్లుకుని వానల్లో తడి ఆరనివ్వదు.

తడి నేల మీద గడ్డి కోసే మిషన్ తిప్పకండి. చక్రం నొక్కిన గాడిలోనే మళ్లీ నీరు నిలుస్తుంది. వాన తెరిపిచ్చాక, ఆకు పొడవులో మూడోవంతుకు మించకుండా కోయాలి. కోసిన గడ్డి ముద్దలుగా పడితే ఎత్తేయాలి. తుంగ పైపైన పీకితే ఫలితం ఉండదు. ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండి వారానికి మళ్లీ మొలుస్తుంది. నేల మెత్తగా ఉన్నప్పుడే ఖుర్పీతో గడ్డల వరుసంతా తవ్వి తీయాలి.

ఆ నీళ్లు ఎటు?

దుమ్మును ఆపేది, నీడనిచ్చేది చెట్టు. గేటు ముందు లాన్ అందం కోసమే. అందుకే దాన్ని అవసరమైనంతకే పరిమితం చేసి, మిగతా జాగా చెట్లకు వదలడం మేలు.

లాన్ నుంచి తోలిన నీటిని రోడ్డు మీదికి వదిలితే మాత్రం సగం పనే అయినట్టు. నల్లమట్టిలో తవ్విన ఇంకుడు గుంత నిండి ఊరుకుంటుంది, మొరం తగిలేదాకా దించాలి. వీలుకాకపోతే అడుగున షీటు పరిచిన చిన్న కుంట చాలు. ఇక్రిశాట్ పద్ధతిలోనూ కాలువల నీరు చివరికి కుంటకే చేరేది. జులైలో వద్దని తోలేసే నీళ్లనే మనం ఏప్రిల్‌లో ట్యాంకర్‌కు డబ్బిచ్చి తెప్పించుకుంటున్నాం. లాన్ ఖర్చు లెక్క వేసేవాళ్లు గడ్డి కంటే ముందు కాలువకూ కుంటకూ డబ్బు పక్కన పెట్టుకోవాలి.