ద్వారం వారి గురుత్వం

రాయపూరుకు ఉత్తరంగా, బిలాసపూరు బాటమీద సిల్తారా ఉన్నది. ఇనుప కర్మాగారాల చోటు. అక్కడ బ్రతుకుతెరువు చూచుకొన్న ఉత్తరాంధ్రుడు ఇంటికి పోవలెనంటే రాయపూరు–విజయనగరం రైలుమార్గమే దిక్కు. 1931లో పూర్తి అయిన ఆ మార్గం అడవులూ కనుమలూ దాటి రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా దిగివస్తుంది. జనం కూలికోసం ఎక్కిపోయే ఆ దారి తుదిని, పాటకోసం పిల్లలు ఇల్లు విడిచి చేరిన ఊరు కలదు.

విజయనగరం సంగీత కళాశాల 1919లో విజయరామ గజపతి మహారాజు స్థాపించినది. ఒక అంధబాలునికి విద్య చెప్పించవలెనన్న తలంపే దానికి మూలమని ప్రతీతి. (రాయపూరుకు పడమటనున్న ఖైరాగఢ్‌లో కూడ రాజదంపతులు గతించిన కూతురు ఇందిర పేర తమ ప్రాసాదాన్నే సంగీతానికి ఇచ్చివేయగా 1956లో విశ్వవిద్యాలయం వెలసినది. ఒక బిడ్డను తలచుకొని కట్టిన బడి వేలమందికి నీడ అవుతున్నది.) విజయనగరంలో తొలి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆ సంవత్సరమే వాయులీనాచార్యులుగా చేరినవారు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు.

నాయుడుగారు 1893లో బెంగుళూరులో జన్మించి విశాఖపట్టణంలో పెరిగినారు. చూపు మందం. చిన్ననాడే బడి చదువు ఆగిపోయినది. అన్నగారైన వేంకటకృష్ణయ్యగారే ఫిడేలు చేతికిచ్చి దిద్దబెట్టినారు. విద్యార్థిగా చేరబోయినవాని వాద్యం విని ఆచార్యపదవినే ఇచ్చినారని ఒక కథ చెప్పుకొంటారు. కథ మాట యెట్లున్నా, అక్షరం సరిగా ఆనని కంటికి చెవియే పుస్తకమైనదనుట నిజం.

ఆనాటికి ఫిడేలు స్థానమేమిటో తెలియనిదే వారి కృషి బోధపడదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితుల కాలంలో మన సంగీతంలోనికి వచ్చిన ఈ పరదేశి వాద్యం నూరేండ్లకు పైగా పక్కవాద్యంగానే మెలగినది. గాయకుడు పోయిన తావుకెల్లా నీడవలె పోవలెను, ఆయన విడిచినచోట అందుకొనవలెను, ఆయనను మించరాదు. ద్వారం వారు దానిని ముందుకు తెచ్చి ఒంటరిగా కచేరీ చేయించినారు. ఇందులో చిక్కు సాహిత్యానిది. గాయకునికి మాట ఉన్నది, తంత్రికి లేదు. మాట వినిపించకనే కీర్తనలోని భావం వినిపించవలెనంటే, వాయించేవాడు ఆ మాటను మనసులో పలుకుతూనే ఉండవలెను. విరుపు ఎక్కడో, ఊపిరి ఎక్కడో తెలిసిన విల్లు ఒకటి, తెలియని విల్లు మరొకటి. ద్వారం వారి దీర్ఘమైన, తొందరలేని కమాను ఆ తెలివినుండి వచ్చినదే. రచయితలమైన మనకు ఇది ఆలోచింపదగిన విషయం.

1936లో నారాయణదాసుగారి తరువాత వారే అధ్యక్షులైనారు. కచేరీలు మానలేదు, పాఠమూ మానలేదు. గురుకులంలో కాలనియమం లేదు, పరీక్ష లేదు. గురువు ఇంట నీళ్ళు తోడుతూ వినినదే విద్య. కళాశాలలో గంట మ్రోగుతుంది, తరగతి ముగుస్తుంది. ఈ రెండింటికీ పొత్తు కుదిరినదంటే అది అచ్చటి గురువుల గొప్ప. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి చరిత్రే చాలు. దిక్కులేక వచ్చిన ఆ బాలుడు జోలె పట్టి మధుకరం ఎత్తుకొని చదివినాడు. గాత్రోపాధ్యాయులు పట్రాయని సీతారామశాస్త్రిగారు అతనిని చేరదీసినారు. ఆ నియమాల కళాశాలలో అధ్యక్షుని చల్లనిచూపు లేనిదే ఇట్టి పిల్లవాడు నిలువగలడా? గాయని పి. సుశీలగారు చదివినదీ ఆ కళాశాలలోనే.

బిరుదులకు కొదవలేదు. 1941లో సంగీత కళానిధి, 1953లో సంగీత నాటక అకాదెమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ. యెహూదీ మెనూహిన్ మద్రాసులో న్యాయమూర్తి రాజమన్నారుగారి ఇంట వారి వాద్యం విని ముగ్ధుడైనాడు. ఇవన్నీ వాదకునికి వచ్చినవి. ఉదయాన ఒక పిల్లవాని వ్రేలు తంత్రిమీద అరగింజంత జరిపి శ్రుతి కుదిర్చిన పనికి ఏ సభా శాలువ కప్పలేదు. వారి వాద్యం గ్రామఫోను పలకలమీద మిగిలినది, పాఠం మిగలలేదు. అది శిష్యుల చేతులలో కరిగి, వారి పేరున వినిపిస్తున్నది. కుమార్తె మంగతాయారుగారు ఆ కమానునే పట్టినారు.

ద్వారం వారు 1964 నవంబరులో మద్రాసులో కన్నుమూసినారు. కళాశాల నేడు ప్రభుత్వాధీనంలో నడుస్తున్నది.