మన ఉత్తరం మనమే చదువుదాం

అక్కలారా! కొత్తగా పెళ్ళయింది. కాళ్ళ పారాణి ఆరకముందే పెనిమిటికి యుద్ధానికి పిలుపొచ్చింది. ఇక ఆ ఇద్దరికీ ఉత్తరమే దారి.

1914 నుంచి 1918 దాకా మొదటి ప్రపంచ యుద్ధం జరిగింది. మన దేశం నుంచి పది లక్షలకు పైగా మనుషుల్ని తెల్లదొరలు సముద్రాలు దాటించారు. వాళ్ళలో చాలామందికి చదువు రాదు. ఇంకొకరి చేత ఉత్తరం రాయించుకునేవారు. ఆ ఉత్తరాల్ని అధికారులు విప్పి చదివేవారు. యుద్ధం గుట్టు ఉంటే ఆపేసేవారు. ఊళ్ళో భార్యకూ చదువు రాకపోతే మరొకరు చదివి వినిపించాలి. చూశారా! ఆలుమగల మాట ముగ్గురి చేతుల్లో పడేది. ఇక మనసులో మాట ఎట్లా చెప్పుకుంటారు?

1999లో కార్గిల్ యుద్ధం జరిగింది. అప్పుడూ జవానులకు ఇంటి ఉత్తరమే కొండంత బలం. సైన్యానికి సొంత తపాలా ఉంది. జవాను ఉన్న ఊరి పేరు చిరునామాలో రాయరు. అది శత్రువుకు తెలియకూడదు. అతని నంబరు, హోదా, పేరు, దళం పేరు రాయాలి. కింద 56 ఏ.పి.ఓ. అనో, 99 ఏ.పి.ఓ. అనో రాయాలి. అంతే, ఉత్తరం మంచు కొండకైనా చేరుతుంది.

చదువు వస్తే మన గుట్టు మన దగ్గరే ఉంటుంది. దూరాన ఉన్న మీవారికి మీరే ఒక ఉత్తరం రాయండి. తప్పులున్నా ఫరవాలేదు. అవి మీ చేతి అక్షరాలు.